అచ్చుకాని రిపోర్టు

హఫ్సా మళ్ళీ ఆఫీసుకు రావడం మొదలుపెట్టిన రోజున అందరూ ఆమె పొట్ట వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. సెలవు పెట్టి వెళ్ళేటప్పుడు ఆమెకు ఏడో నెల. తిరిగొచ్చేసరికి పాత చుడీదార్లు మళ్ళీ సరిపోతున్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. పక్క సీటులో పనిచేసే శ్రీచరణ్ ఆమె కుర్చీ తుడిచి ఉంచాడు. టీ వచ్చినప్పుడు కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏదో అనబోయి, మానిటర్ వైపు తిరిగాడు.

ఆమెకు దానివల్ల బాధేమీ కలగలేదు. అసలు ఏదీ కలగడం లేదు. ఒక మధ్యాహ్నం బిడ్డ కదలడం లేదని ఆమెకే అనుమానం వచ్చింది. స్కాన్ తీసిన డాక్టరు తెర తన వైపు తిప్పుకుంది. నొప్పులు తెప్పించారు. కాన్పయ్యాక నర్సు "ఆడపిల్ల" అని మాత్రం చెప్పింది. అత్తగారు కుల్సుం పరదా పక్కనే నిలబడి, "వద్దులేమ్మా, చూపించొద్దు" అనడం హఫ్సాకు వినిపించింది. ఆమె భర్త అలీ తెల్లగుడ్డలో చుట్టినదాన్ని రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడితో కలిసి ఆటో ఎక్కాడు. ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. కుల్సుం పాత చీర చింపి, ఛాతీకి గట్టిగా బిగించి కట్టింది. కొన్నాళ్ళకు పాలు ఇంకిపోయాయి. వాటితోపాటే మిగతావన్నీ కూడా ఇంకిపోయినట్టయింది. అన్నం పెడితే తినేది. నిద్ర వస్తే పడుకునేది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వాలని గుర్తుచేసుకుని నవ్వేది.

వాళ్ళ ఆఫీసు పటమటలో, ఒక మందుల షాపు పైన. ఒక జబ్బు మీదో చికిత్స మీదో ఇంతవరకూ ఎవరెవరు ఏం పరిశోధించారో వెతికి, ఒకచోట చేర్చి, అడిగిన సంస్థలకు ఇవ్వడం అక్కడి పని. హఫ్సా చదివింది ఫార్మసీ. కానీ ఆఫీసులో ఆమెకున్న పేరు వెతకడంలోనే. ఇంకెవరికీ దొరకని కాగితం ఆమెకు దొరుకుతుందని అందరూ అనేవాళ్ళు.

ఆ వారం కొత్త పని ఒకటి వచ్చింది. చచ్చిపుట్టిన బిడ్డల తల్లులకు కోస్తా జిల్లాల ఆస్పత్రుల్లో, ఆ తర్వాత ఇళ్ళ దగ్గర, ఎలాంటి ఆదరణ దొరుకుతోందన్న ప్రశ్న మీద సమీక్ష. ఆఫీసు నడిపే డాక్టర్ అనఘ దాన్ని శ్రీచరణ్‌కు అప్పగించింది. హఫ్సా ఉన్న గదిలో దాని పేరు ఎత్తకుండా, వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. శ్రీచరణ్ జర్నళ్ళ డేటాబేసులన్నీ వెతికాడు. ఎంతమంది బిడ్డలు పోయారన్న లెక్కలు బోలెడన్ని వచ్చాయి. తల్లుల సంగతి రాసినవి దాదాపు ఏమీ లేవు.

హఫ్సా లేచి మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"గ్రే లిటరేచర్ నేను చేస్తాను మేడమ్."

అనఘ ఉలిక్కిపడింది. "వద్దు హఫ్సా. నీకు షుగర్ ప్రాజెక్టు ఉందిగా."

"అయిపోవచ్చిందండీ అది."

"అది కాదమ్మా..."

"నాకేం కాదు మేడమ్. నిజంగానే నాకేం అనిపించట్లేదు."

అనఘ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "సరే. మధ్యలో ఎప్పుడు ఆపేయాలనిపించినా ఆపేయ్. కారణం కూడా చెప్పక్కర్లేదు."

తాను ఎందుకు అడిగిందో హఫ్సాకు తెలియదు. చేతులకు పని ఉంటే చాలనుకుంది.

జర్నళ్ళలో అచ్చయిన పరిశోధనలు డేటాబేసుల్లో దొరుకుతాయి. కానీ జనం చేసే పనిలో చాలా భాగం అచ్చు దాకా రాదు. నర్సింగ్ విద్యార్థిని రాసి కాలేజీలో అప్పజెప్పిన థీసిస్, స్వచ్ఛంద సంస్థ చేయించిన సర్వే, ఏదో శాఖ తన కోసం వేసుకున్న నివేదిక, సభలో చదివి మర్చిపోయిన పేపరు. ఇలాంటి వాటన్నిటినీ కలిపి వాళ్ళ వృత్తిలో గ్రే లిటరేచర్ అంటారు. వీటిని అందరూ వాడే సెర్చ్ ఇంజన్‌లోనే వెతకాలి. కాకపోతే అందరూ వెతికినట్టు వెతికితే దొరకవు.

హఫ్సా తన పద్ధతిలో మొదలుపెట్టింది. మాటల గుంపును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలు అదే వరుసలో ఉన్న పేజీలే వస్తాయి. ఫైల్‌టైప్ అని రాసి పీడీఎఫ్ అని చేరిస్తే, దుకాణాలూ ప్రకటనలూ పక్కకు పోయి, ఎవరో కూర్చుని రాసిన కాగితాలు మిగులుతాయి. సైట్ అని రాసి యూనివర్సిటీల చిరునామా ఇస్తే వాటి గోడల లోపల మాత్రమే వెతుకుతుంది. ఏ మాటతో వెతికిందీ, ఏ తేదీన వెతికిందీ, ఎన్ని పేజీలు దాటాక ఆపిందీ పక్కనే రాసుకుంటూ పోయింది. రేపు ఇంకెవరైనా అదే దారిలో నడిస్తే అవే కాగితాలు దొరకాలి.

డాక్టర్లు కడుపులో బిడ్డ పోవడాన్ని ఐయూడీ అని పొట్టిగా రాస్తారు. ఆ మాట కొడితే గర్భం రాకుండా వేసే లూపుల గురించి లెక్కలేనన్ని పేజీలు వచ్చిపడ్డాయి. రెండింటికీ పొట్టిపేరు ఒకటే. హఫ్సా మైనస్ గుర్తు పెట్టి, లూపులకు సంబంధించిన మాటలను ఒక్కొక్కటిగా తీసేసింది. తన డిశ్చార్జి కాగితం మీద కూడా అవే మూడక్షరాలు ఉన్నాయని ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, పోయింది. తర్వాతి పేజీ తెరిచింది.

థీసిస్‌లు కొన్ని దొరికాయి. వాటిలో తల్లి వయసు, బరువు, రక్తంలో ఇనుము ఉన్నాయి. తల్లి ఏమందో లేదు. శ్రీచరణ్ తన కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు.

"అన్నీ డాక్టర్ల మాటలతోనే వెతుకుతున్నామేమో," అన్నాడు మెల్లగా. "ఆడవాళ్ళు అలా అనరు కదండీ."

హఫ్సా తెలుగులో వెతికింది. మృతశిశువు అని కొడితే వార్తలు వచ్చాయి, చెత్తకుప్పలో దొరికిన బిడ్డ, ఆస్పత్రి ముందు ధర్నా. మైనస్ పెట్టి పత్రికల సైట్లన్నీ తీసేసింది. ఏమీ మిగల్లేదు. కీబోర్డు మీద చేతులు ఆపి కూర్చుంది. కాన్పు గదిలో ఆయా ఇంకో ఆయాతో అన్న మాట ఒకటి చెవిలో ఉంది. దాన్నే కొటేషన్ గుర్తుల మధ్య టైపు చేసింది. "కడుపులోనే పోయిందంట." రాలేదు. చివరనున్న 'అంట'ను తీసేసింది. "కడుపులోనే పోయింది." పక్కన నర్సింగ్ అని, కృష్ణా అని చేర్చింది.

ఒక్క ఫలితం పనికొచ్చేలా కనిపించింది. ఏళ్ళ కిందట నర్సుల సంఘం ఒకటి తన సభకు వేసిన ప్రత్యేక సంచిక. నొక్కితే పేజీ లేదన్నది. ఆ సైటే మూతపడింది. అయినా హఫ్సాకు అది కొత్త కాదు. పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే చోటు ఒకటి ఉంది. ఆ చిరునామాను తీసుకెళ్ళి అక్కడ వేసింది. సంచిక తెరుచుకుంది.

సభలో చదివిన పేపర్ల సారాంశాలు చివర్న చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అందులో ఒకటి దివిసీమ, పామర్రు వైపు గ్రామాల్లో తిరిగి, బిడ్డ కడుపులోనే పోయిందని చెప్పిన తల్లులతో మాట్లాడిన సర్వే గురించి. రాసినామె పేరు హెప్సిబా, నర్సింగ్ ట్యూటర్. ఉన్నది ఒకే పేరా. దాని చివర ఇలా ఉంది: బిడ్డను తమకు చూపించలేదని ఎక్కువమంది తల్లులు చెప్పారు. చూపించమని అడగవచ్చని తమకు తెలియదన్నారు.

హఫ్సా ఆ వాక్యాన్ని కాపీ చేసి, తేదీ వేసి, తన వరుసలో పెట్టుకుంది. అది ఆమెనేమీ చేయలేదు. కానీ ఆ సాయంత్రం దాకా ఆమె ఇంకో మాటతో వెతకనూ లేదు.

అసలు రిపోర్టు వెబ్‌లో ఎక్కడా లేదు. అలాంటప్పుడు మిగిలేది రాసిన మనిషిని పట్టుకోవడమే. హెప్సిబా పేరును కొటేషన్లలో పెట్టి, నర్సింగ్ ట్యూటర్ అని చేర్చి వెతికితే, పదవీ విరమణ సన్మానం ఫొటో కింద ఆమె సొంతూరు పామర్రు అని కనిపించింది. ఆమె పనిచేసిన నర్సింగ్ స్కూలుకు ఫోన్ చేస్తే, అక్కడివాళ్ళు ముందు ఆమెను అడిగి, తర్వాత నంబరు ఇచ్చారు.

"ఆ సర్వేనా?" ఫోన్‌లో హెప్సిబా గొంతు నమ్మలేనట్టు వినిపించింది. "దాన్ని ఇప్పుడెవరు అడుగుతున్నారమ్మా?"

"సమీక్షలో చేర్చాలండీ. మీ దగ్గర కాపీ ఉందా?"

"ఉండకేం, ఉంది. కానీ ఆ ఫోన్‌లో ఫొటోలు తీసి పంపడం నాకు చేతకాదు. నువ్వే రా. బస్టాండు దిగి ఫోన్ చెయ్."

శ్రీచరణ్ తోడు వస్తానన్నాడు. హఫ్సా వద్దంది.

బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కంకిపాడు దాటాక రోడ్డు పక్కనే కాలువ నిండుగా పోతోంది. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డమొస్తే బస్సు ఆగింది. పక్క సీటులో పసిపిల్లతో ఒకామె. ఆ పిల్ల హఫ్సా చున్నీ అంచు పట్టుకుని లాగింది. తల్లి విడిపించబోతే, "పర్లేదండీ" అని హఫ్సా వదిలేసింది. పామర్రు వచ్చేదాకా ఆ గుప్పెట్లో చున్నీ అలాగే ఉంది. దిగేటప్పుడు తనే మెల్లగా వేళ్ళు విప్పింది.

హెప్సిబా పొడుగ్గా, చామనఛాయలో ఉంది. తెల్లజుట్టు గట్టిగా ముడి వేసుకుంది. ఇంటి వరండాలో ఇద్దరికీ కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చి, లోపల్నుంచి స్పైరల్ బైండింగ్ వేసిన పుస్తకం తెచ్చింది.

"నేనూ మా స్టూడెంట్లూ ఊరూరా తిరిగాం. జర్నల్‌కు పంపితే మాట్లాడిన తల్లుల సంఖ్య చాలదని తిప్పి పంపారు. ఆ తర్వాత నాకూ ఓపిక లేకపోయింది. పిల్లలంతా పాసై వెళ్ళిపోయారు."

హఫ్సా పుటలు తిప్పింది. ప్రతి ప్రశ్న కింద తల్లుల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశారు. ఒకామె, కాళ్ళయినా చూపించమన్నాను, గుడ్డ కప్పేశారు అంది. ఒకామె, మా నాన్న కాలువ గట్టున పెట్టాడు, ఎక్కడో చెప్పలేదు, ఆ గట్టు మీదుగా వెళ్ళినప్పుడల్లా ప్రతి చెట్టూ చూసుకుంటాను అంది. ఇంకొకామె, నేనేం చూడలేదు గనక నాకేం పుట్టలేదనుకుంటాను, కానీ పాలు వచ్చాయి అంది.

హఫ్సా ఆ పుట మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఇంటి ముందు కాలువ మీంచి గాలి వస్తోంది. ఆమె అది మూడుసార్లో నాలుగుసార్లో చదివి ఉంటుంది.

"నీకు పిల్లలా అమ్మా?" హెప్సిబా అడిగింది.

ఆ ప్రశ్న ఎవరు వేసినా లేరని చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. ఈసారి ఆ మాట రాలేదు.

"ఒక పాపండీ. పుట్టేసరికే లేదు."

హెప్సిబా అయ్యో అనలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"చూశావా?"

"లేదండీ."

"ఎవరు చూశారు?"

"మా ఆయన. ఆయనే తీసుకెళ్ళారు."

"ఎలా ఉందో ఎప్పుడైనా అడిగావా?"

హఫ్సా తల అడ్డంగా ఊపింది. "ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఇంట్లో ఆ మాటే రాదండీ."

"ఆయన్ని ఎవరైనా అడిగారా?"

ఆ రోజు తర్వాత అలీ పొద్దున్నే పనికి వెళ్ళడం, వచ్చి స్నానం చేసి తినడం, తన పక్కన మాట్లాడకుండా పడుకోవడం, ఇవన్నీ ఆమె చూసింది. చూసింది కానీ వాటి గురించి ఆలోచించలేదు.

"మేమూ అడగలేదు," అంది హెప్సిబా రిపోర్టు వైపు చూస్తూ. "ప్రతి ఇంట్లో మగాయన అరుగు మీదో, గుమ్మం బయటో ఉండేవాడు. మేం ఆడవాళ్ళతో మాట్లాడాలి, కాసేపు అలా వెళ్ళండి అని పంపించేసేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే తప్పనిపిస్తుంది. చాలా ఇళ్ళలో బిడ్డను చూసింది అతనొక్కడే."

రిపోర్టు కాపీ తీయించుకోవడానికి ఇద్దరూ బస్టాండు దగ్గర జెరాక్స్ షాపుకు నడిచారు. హెప్సిబా బస్సు కదిలేదాకా కింద నిలబడింది. కిటికీలోంచి హఫ్సా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

హఫ్సా తిరుగు టికెట్ తమ ఊరి బస్టాండు దాకా తీసుకుంది. కానీ బస్సు ఆటోనగర్ గేటు దగ్గర ఆగినప్పుడు లేచి దిగేసింది.

అలీ లారీ సీట్లకు స్పాంజీ వేసి, రెక్సిన్ కుడతాడు. ఆమె వెళ్ళేసరికి షెడ్డు ముందు ఎండలో డ్రైవరు సీటు ఒకటి బోర్లా పడేసి, దానికి ఎర్ర రెక్సిన్ లాగి మేకులు కొడుతున్నాడు. ఆమెను చూసి సుత్తి పక్కన పెట్టేసి లేచాడు.

"ఏమైంది? అమ్మకేమైనా..."

"ఏం కాలేదు. పామర్రు వెళ్ళొచ్చాను."

అతను ఫ్యాను తన వైపు నుంచి ఆమె వైపు తిప్పాడు. కూర్చోమని స్పాంజీ ముక్క ఒకటి వేశాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చప్పుడు. హఫ్సా అది ఆగేదాకా కూర్చుని, అప్పుడు అడిగింది.

"పాప ఎలా ఉందండీ?"

అలీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు చూసుకున్నాడు. వేళ్ళకు బంక అంటుకుని ఉంది. దాన్ని ఒలుచుకున్నాడు.

"జుట్టుంది," అన్నాడు చివరికి. "చాలా ఉంది. తడిగా నుదుటికి అతుక్కుని ఉంది. అంత చిన్నపిల్లకు అంత జుట్టుంటుందని నాకు తెలియదు."

"ఇంకా?"

"చెవులు నీవే. గడ్డం మా నాన్నది. కళ్ళు మూసుకునుంది. నిద్రపోతున్నట్టు అని జనం అంటారు కదా. అలా లేదు. కానీ భయంగా కూడా లేదు." అతను ఇంకో వేలి మీది బంక ఒలిచాడు. "ఆటోలో తమ్ముడు నేను పట్టుకుంటానన్నాడు. ఇవ్వలేదు. గతుకుల్లో కదలకుండా ఒళ్ళో పెట్టుకున్నాను."

"స్నానం ఎవరు చేయించారు?"

"మసీదు దగ్గర ఒక పెద్దావిడ. నేను నీళ్ళు పోశాను. గోరువెచ్చగా ఉండాలన్నాను. ఆవిడ ఏం అనలేదు, వెచ్చబెట్టి తెచ్చింది."

హఫ్సా వింటోంది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు.

"పేరు అడిగారు," అన్నాడు అలీ. "పేరు పెట్టి పూడిస్తే మంచిదన్నారు. నిన్ను అడగాలనుకున్నా, ఫోన్ చేద్దామనుకున్నా. అప్పటికి నీకు నిద్రకు సూది వేశారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏం చెప్పారు?"

"జుబియా."

ఆమె ఆ పేరు ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళిద్దరూ కలిసి అనుకున్న పేర్లలో అది లేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ పేరు?"

"తెలియదు. నోటికి అదే వచ్చింది." అలీ తల దించుకున్నాడు. "నీకు చెబితే కోప్పడతావనుకున్నా. తర్వాత చెబితే ఏడుస్తావనుకున్నా. ఆ తర్వాత, ఇక ఎలా చెప్పాలో తెలియలేదు. ఒక్కడినే అనుకుంటుంటాను."

"జుబియా," అంది హఫ్సా. పరాయి పేరులా వినిపించింది. ఇంకోసారి అంది.

అలీ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. బంక చెంపకు అంటింది. హఫ్సా చున్నీ కొసతో దాన్ని తుడవబోయింది. పోలేదు.

ఆఫీసులో హెప్సిబా సర్వే సమీక్షలో చేరింది. అన్ని అధ్యయనాలున్న పట్టికలో దానికి దక్కింది ఒక్క వరుస. తండ్రులను అడిగిన సర్వే గ్రే లిటరేచర్‌లో కూడా దొరకలేదని హఫ్సా చివర ఒక వాక్యం రాసింది. అనఘ చదివి, దాన్ని చివర్నుంచి తీసి మొదటి పుటలోకి మార్చింది. సమీక్ష అడిగినవాళ్ళకు వెళ్ళిపోయింది. వాళ్ళు దాంతో ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. పంపిన సాయంత్రం హఫ్సా అనఘకు పాప పేరు చెప్పింది. అనఘ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. హఫ్సాకు ఆ చెయ్యి బరువు తెలిసింది. అంతకంటే ఎక్కువేమీ తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున ఖబరస్తాన్‌కు వెళ్దామని ఆమే అడిగింది. అలీ తల్లి వైపు చూశాడు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరు. కుల్సుం దుప్పట్టా కప్పుకుని చెప్పులేసుకుంది.

"చూస్తే తట్టుకోలేవనుకున్నానమ్మా," అంది ఆటోలో, రోడ్డు వైపు చూస్తూ.

"తెలుసు అత్తమ్మా."

గేటు లోపల గోడ వెంబడి చిన్నపిల్లల సమాధుల వరుస. రాయి లేదు. వానలకు మట్టి అణిగి, పైన గడ్డి మొలిచింది. అలీ కూర్చుని ఇదీ అని చేత్తో చూపించాడు. కుల్సుం దూరంగా నిలబడి దువా చదువుకుంటోంది.

హఫ్సా నేల మీద కూర్చుంది. గడ్డి మీద అరచెయ్యి పెట్టింది. మట్టి ఎండకు వెచ్చగా ఉంది. ఏమైనా అనిపిస్తుందేమోనని ఎదురుచూసింది. అట్టే అనిపించలేదు. ఇక్కడ ఉంది, అనుకుంది. ఎక్కడో కాదు, ఇక్కడ.

అలీ గడ్డిలో పడ్డ ఎండుటాకులు ఏరి పక్కన వేస్తున్నాడు.

"జుట్టు సంగతి మళ్ళీ చెప్పండి," అంది హఫ్సా.

అతను చెప్పడం మొదలుపెట్టాడు.